ఐదు గంటల్లోపు మళ్ళీ పంపండి

పన్నెండేళ్ళుగా ఒక సంగతి నా దగ్గరే ఉంచుకున్నాను. ఇలాంటివాటిని గుండె మీద బరువు అంటారు. బరువే, కాదనను. కానీ మొదట్లోనే మీతో అబద్ధం ఆడటం ఎందుకు? దాన్ని మోసి మోసి నేనేం చిక్కిపోలేదు. రెండు పూటలా కడుపునిండా తిన్నాను. పక్క మీద వాలగానే నిద్రపోయాను. పత్తి ఏరేటప్పుడు మా అమ్మ నడుముకు ఒడి కట్టుకునేది. ఏరుతున్నంతసేపూ అది నిండుతున్న సంగతి ఆమెకు తెలిసేది కాదు. సాయంత్రం విప్పాకే నడుము పట్టేసిందని మూలిగేది. నా సంగతీ అంతే. ఇప్పుడు విప్పుతున్నాను.

నా పేరు చెప్పను. నారాయణఖేడ్ చిన్న ఊరు, పేరు చెప్తే ఇల్లు చూపించినట్టే. నా స్నేహితురాలి పేరు కూడా మార్చాను. నస్రీన్ అని పిలుస్తాను. మీరు ఎవరో నాకు తెలియదు. అందుకే కాస్త ధైర్యంగా ఉంది.

నేను చేసింది ముందే చెప్పేస్తాను. ఆ కష్టం, ఈ కష్టం అని చుట్టూ తిప్పి చెప్పుకుంటూ పోతే చివరికి వచ్చేసరికి నా మీద నాకే జాలి పుడుతుంది. అది వద్దు. నస్రీన్‌కు రాగలిగిన ఒక ఉద్యోగం ఒక పగలంతా నా చేతిలో ఉంది. నేను చేయాల్సింది ఒక్క నిమిషం పని. చేయలేదు. తర్వాత ఆమె వచ్చి అడిగితే అబద్ధం చెప్పాను. అంతే. ఇక వివరంగా చెప్తాను.

ఇంటర్ అయ్యాక నేనూ నస్రీన్ బస్టాండు దగ్గర రాజన్న సెంటర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాం. జిరాక్సులు, అప్లికేషన్లు, ఇంటర్నెట్ అన్నీ అక్కడే. కోర్సు అయ్యాక రాజన్న నన్ను పనికి పెట్టుకున్నాడు. నిజానికి ఆయన ముందు అడిగింది నస్రీన్‌ను. ఆమె చేతులు నాకంటే జోరు. కీబోర్డు వైపు చూడకుండా తెలుగూ ఇంగ్లీషూ కొట్టేది, మధ్యలో కబుర్లు కూడా చెప్పేది. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు, రోజంతా దుకాణంలో కూర్చోవడం ఏందన్నాడు. ఆఫీసు నౌకరి అయితే సరే అన్నాడు. అందుకని ఆమె ఆఫీసు నౌకరి కోసం చూస్తూ, మధ్యాహ్నాలు నా దగ్గరికి వచ్చి కూర్చునేది.

సెంటర్‌లో రెండు కంప్యూటర్లు. ముందు గదిలోది కొత్తది. లోపలి గదిలోది పాతది, వైరస్‌లతో వేగలేక రాజన్న ఎవరినో పిలిపించి దానిలో లైనక్స్ వేయించాడు. తెరిస్తే బొమ్మలుండవు, బటన్లుండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. వచ్చినవాళ్ళు చూసి, ఖరాబైందేమో అనుకునేవాళ్ళు. నాకు మాత్రం అదే ముద్దు. అప్పట్లో మాకు నెట్ అంటే చిన్న డాంగిల్. మామూలుగా సైటు తెరిచి మెయిల్‌కు ఫైలు ఎక్కిస్తే సగం దాకా పోయి ఆగిపోయేది, కరెంటు పోయిందంటే మళ్ళీ మొదటికి. నల్ల తెర మీద ఆ బాధ లేదు. ఒక్క వరుస రాస్తే చాలు. మెయిల్ పంపమనే మాట, విషయం, ఒక చిన్న అడ్డగీత, దానికి ఆనుకుని ఎ అక్షరం, దాని పక్కన జత చేయాల్సిన ఫైలు పేరు, తర్వాత రెండు గీతలు, అవతలివాళ్ళ చిరునామా, చివర్లో ఉత్తరం ఉన్న ఫైలు. ఎంటర్ కొడితే అది లోపల వరుసలో నిలబడుతుంది. నెట్ ఎప్పుడు వస్తే అప్పుడు తనంతట తానే వెళ్ళిపోతుంది. మనం కాపలా కాయనక్కర్లేదు. పైకి చూపే బాణం నొక్కితే ఇంతకుముందు రాసిన వరుస తిరిగి వస్తుంది, పేరు మార్చి ఎంటర్ కొట్టడమే. రోజంతా నేను చేసింది అదే. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కొంచెం పొగరు కూడా.

మా దగ్గర ఇంకో అలవాటు ఉండేది. అప్లికేషన్‌లో ఈమెయిల్ అని అడిగిన చోట అందరూ సెంటర్ చిరునామానే రాయించేవాళ్ళు. కంగ్టి రైతుదీ అదే, కల్హేర్ టీచరమ్మదీ అదే, మా పాస్టరయ్యదీ అదే. "మాకేడిదమ్మా ఈమెయిలు, నీదే ఎయ్యి" అనేవాళ్ళు. నాదేదో ఊరుమ్మడి బావి అన్నట్టు. జవాబులు వస్తే నేను ప్రింటు తీసి, పైన పేరు రాసి, గోడకు కట్టిన తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీసేదాన్ని. సంతకు వచ్చినప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. అంటే ఊళ్ళో ఎవరికి ఏ జవాబు వచ్చినా ముందు చదివేది నేను. పోస్టుమాన్ చేతికి వచ్చే కవరైనా అంటించి ఉంటుంది. నాకు అదీ లేదు.

నస్రీన్ కూడా అదే చిరునామా రాసింది. ఆమెకు సొంతంగా ఒకటి తెరుచుకోవడం రాదా? వచ్చు. "నువ్వున్నవ్ గదా, మళ్ల నాకెందుకు?" అన్నది.

కందులూ పెసలూ కొనే ఒక సంస్థ ఆ ఏడు నారాయణఖేడ్‌లో ఆఫీసు పెట్టింది. కంప్యూటర్ ఆపరేటర్ కావాలన్నారు. ఒక్కటే పోస్టు. అప్లికేషన్, సర్టిఫికెట్లు స్కాన్ చేసి మెయిల్‌లో పంపమన్నారు. ఇద్దరం పెట్టుకుందామని నస్రీనే అన్నది. "ఎవలికొచ్చినా ఇంకొకలకు దావత్" అని పందెం కూడా వేసింది. నేను నవ్వాను. లోపల నవ్వలేదు.

మాది కంగ్టి దగ్గర పల్లె. దసరా పోయిందంటే మా అమ్మానాన్నలు చెరుకు కొట్టడానికి కర్ణాటక వైపు వెళ్ళిపోయేవాళ్ళు, మళ్ళీ ఎండాకాలంలో రావడమే. చిన్నప్పుడు రెండేళ్ళు నన్నూ తీసుకెళ్ళారు. చెరుకు ఆకు కోస్తే చేతులెలా మండుతాయో, గుడిసె చుట్టూ ఎలుకలెలా తిరుగుతాయో నాకు తెలుసు. హాస్టల్లో సీటు దొరికి తప్పించుకున్నాను. రాజన్న ఇచ్చేది నా గది కిరాయికే సరిపోయేది కాదు. ఆ ఏడు నాన్న తేల్చి చెప్పాడు. "నౌకరి వస్తే ఉండు బిడ్డా. రాకుంటే ఈ యేడు మాతోటి నడువు. కత్తి పట్టాలె." ఆయన కోపంగా అనలేదు. వేరే దారి లేక అన్నాడు.

ఇది సాకేనా? సాకే. నిజం కూడా. రెండూ ఒకటే అయినప్పుడు మనిషి ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరి తేదీకి ముందురోజు మధ్యాహ్నం మా ఇద్దరి కాగితాలూ పంపాను. ముందు నాది. ఫైలు జత చేసి ఎంటర్ కొట్టాను. తర్వాత పై బాణం నొక్కి, అదే వరుస తెచ్చి, ఉత్తరం పేరు మార్చాను. నా ఫైలు పేరు దాని ముందున్న గీతతో సహా చెరిపేశాను. అక్కడ నస్రీన్ ఫైలు పేరు రాయాలి. సరిగ్గా అప్పుడే బోరంచ నుంచి ఒక పెద్దాయన వచ్చి, బస్సు పోతుంది, పింఛను కాగితం జిరాక్సు తీయమని తొందరపెట్టాడు. లేచి ముందు గదిలోకి వెళ్ళాను. ఆయన కాగితం ఉండలా నలిగిపోయి ఉంది, మిషన్‌లో ఇరుక్కుంది, లాగి సాపు చేసి మళ్ళీ పెట్టాను. తిరిగి వచ్చి కూర్చున్నాను. వరుస నా ముందు పొందికగా ఉంది. ఎంటర్ కొట్టాను.

పక్కన స్టూలు మీద కూర్చున్న నస్రీన్ అడిగింది.

"పోయిందా?"

"పోయింది."

అప్పటికి నేను చెప్పింది నిజమే. పోయింది. ఉత్తరం పోయింది. నా సర్టిఫికెట్లు ఇందుతో జతపరిచాను, చూడగలరు అని ఆమె ముచ్చటగా టైపు చేసుకున్న ఉత్తరం, ఏమీ జతపరచకుండా పోయింది. ఫైలు జత చేయకపోతే ఆ నల్ల తెర అడగదు. ఏమీ ఇవ్వలేదేమని నిలదీయదు. చెప్పింది చేస్తుంది, ఊరుకుంటుంది. ఆ రోజు జరిగింది పొరపాటు. అది నా పాపం కాదు. దాన్ని నేను నెత్తిన వేసుకోను, ఎవరు వేసినా దులిపేస్తాను.

తెల్లారి ఉదయం సెంటర్ తెరిచి, రాత్రి వచ్చిన జవాబులు ఒక్కొక్కటే చూస్తున్నాను. నస్రీన్ పేరుతో ఒకటి ఉంది. ఆ సంస్థ వాళ్ళది. రెండే రెండు వాక్యాలు. మీ మెయిల్‌కు ఏ ఫైలూ జత కాలేదు. ఈ రోజు సాయంత్రం ఐదు గంటల్లోపు మళ్ళీ పంపండి.

అయ్యో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, అంతవరకు నేను మంచిదాన్నే. వెంటనే లోపలి గదిలోకి వెళ్ళి పై బాణం నొక్కాను. నిన్నటి వరుస వచ్చింది. ఫైలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె ఫైలు పక్క ఫోల్డర్‌లోనే ఉంది. గీత, ఎ, ఫైలు పేరు. అంతే కావాల్సింది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను.

ఒక్కటే పోస్టు.

ఆ మాట ఎవరు అన్నారు? నేనే అనుకున్నాను. గదిలో ఇంకెవరున్నారు గనుక. టీ తాగి వచ్చి పంపుదాం అనుకున్నాను. టీ తాగాను. ముందు గదిలో ఇద్దరు నిలబడ్డారు, వాళ్ళ పని చూసి పంపుదాం అనుకున్నాను. వాళ్ళ పని అయింది. నెట్ సరిగ్గా లేదేమో అనుకున్నాను. ఆ రోజు నెట్ దివ్యంగా ఉంది, దానికి కూడా తెలిసినట్టుంది. మధ్యాహ్నం డబ్బా విప్పి జొన్నరొట్టె, పప్పు తిన్నాను. మొత్తం తిన్నాను. పంపను అని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు, గమనించారా? ఆఖరిదాకా పంపుతాననే అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ పిల్లి కూడా లోపల, తాగను తాగను అనుకుంటూనే తాగుతుందేమో.

మూడింటికి నస్రీన్ వచ్చింది. ఉడకబెట్టిన పల్లికాయలు కాగితంలో పొట్లం కట్టించుకుని తెచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుని, నాలుగు ఒలిచి నా చేతిలో పెట్టింది.

"ఏమన్న జవాబొచ్చిందా?"

"ఏం రాలే."

"నీకు?"

"నాకూ రాలే."

"ఇద్దరికీ ఒక్కసారే వస్తదేమో, ఆళ్ళకు పరేషాన్ అయితుంది చూడు" అని ఆమె నవ్వింది.

గోడ మీద గడియారం ఉంది. మూడుంపావు. ఇంకా గంటా నలభై ఐదు నిమిషాలు. ఆమె పక్కనే ఉంది, ఫైలు పక్కనే ఉంది. 'ఏయ్, చూడవే, ఫైలు పోలేదట, ఇప్పుడే పంపుతున్నా' అంటే ఆమె నెత్తి మీద ఒకటి మొట్టి నవ్వేది. నేను పల్లికాయలు తిన్నాను. ఆమె తెచ్చినవి, ఆమె ఒలిచి ఇచ్చినవి. ఉప్పు సరిగ్గా పట్టాయి. ఇంత గుర్తుండటం అవసరమా? అవసరం లేదు. కానీ గుర్తుంది.

నాలుగున్నరకు ఆమె వెళ్ళిపోయింది. ఐదయింది. ఐదు దాటి ఐదు నిమిషాలయింది. అప్పుడు లేచి ఆ మెయిల్ చెరిపేశాను. తీగకు అన్ని జవాబులూ వేలాడదీశాను, ఆ ఒక్కటి తప్ప.

ఇరవై రోజులకు నాకు పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూలో పది ప్రశ్నలు అడిగారు, అన్నిటికీ చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. నస్రీన్ తన చేత్తో డబుల్ కా మీఠా చేసి పెద్ద గిన్నె నిండా తెచ్చింది. దావత్ ఆమె ఇవ్వడమేమిటి? ఎవరిస్తే ఏముంది అన్నది. నన్ను గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పింది. "ఆళ్ళు నీ కాగితాలు జూసిండ్రు, నా కాగితాలు జూసిండ్రు. నీవి మంచిగున్నయ్. నేను పనికి రానట్టున్న. గంతే." ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మీఠా తీయగా ఉంది.

ఆ తర్వాత నా బతుకు బాగుంది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఒప్పుకోలు సగమే అవుతుంది. అమ్మానాన్నలు మరుసటి ఏడే చెరుకు మానేశారు. ఇప్పుడు నాతోనే ఉన్నారు, నాన్న పొద్దున్నే నా కొడుకుని స్కూలు ఆటో ఎక్కిస్తాడు. రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. నా భర్త మంచివాడు, కూర బాగా వండుతాడు, నేను అరిస్తే పట్టించుకోడు. ఆఫీసులో నా మాటకు విలువ ఉంది. కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నాను. ఇలాంటివి చేసినవాళ్ళు కుమిలిపోతారని, ఏదో ఒక రోజు దేవుడు కొడతాడని అంటారే, నేనూ కొన్నాళ్ళు ఎదురు చూశాను. కొట్టలేదు. సుఖంగా ఉంచాడు. దానికి ఏమనాలో నాకు తెలియదు. దండించినా బాగుండేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది, లెక్క తీరిపోయేది. వెంటనే అమ్మో వద్దులే అనిపిస్తుంది.

ఆదివారం చర్చిలో అందరం నిలబడి ఒకేసారి పాపాలు ఒప్పుకుంటాం. చేయకూడనివి చేశామని, చేయవలసినవి చేయలేదని గట్టిగా చదువుతాం. ఆ రెండో మాట దగ్గర నా గొంతు కొంచెం తగ్గుతుంది. ఇన్నేళ్ళూ అంతే. చుట్టూ అంతమంది గొంతులుంటే నా ఒక్కదాని గొంతు ఎవరికి వినిపిస్తుంది? తిలాపాపం తలా పిడికెడు. అందరిలో కలిపి ఒప్పుకోవడం చాలా సుళువు. నేను అలా దాదాపు ఆరు వందల సార్లు ఒప్పుకున్నాను, ఒక్కసారి కూడా చెప్పలేదు.

నస్రీన్‌ను గాజుల దుకాణం ఉన్నాయనకిచ్చి ఊళ్ళోనే పెళ్ళి చేశారు. ఆయన కల్హేర్ సంతకు, ఇంకా చుట్టుపక్కల సంతలకు మోటార్ సైకిల్ మీద గాజుల పెట్టెలు కట్టుకుని తిరుగుతాడు. ఊళ్ళో దుకాణం ఆమె చూసుకుంటుంది. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె దుఃఖంలో ఉందని మీరు అనుకోవద్దు. నవ్వుతూనే ఉంటుంది, గిరాకీలను ఆట పట్టిస్తుంది. రంజాన్‌కు ఆమె ఇంట్లో నేను, క్రిస్మస్‌కు నా ఇంట్లో ఆమె. మా స్నేహం ఒక్కరోజు కూడా చెడలేదు.

కానీ ఆమె మళ్ళీ ఎక్కడా అప్లికేషన్ పెట్టలేదు. అంగన్‌వాడీలో పోస్టు పడితే పెట్టమన్నాను. స్కూల్లో పడితే పెట్టమన్నాను. ప్రతిసారీ ఒకటే మాట. "ఒకసారి జూసి వద్దన్నరు గదా, ఇంకెన్నిసార్లు అనిపించుకోవాలె?" ఆ వేళ్ళు, ఊరందరికంటే జోరుగా ఆడిన ఆ వేళ్ళు, మళ్ళీ కీబోర్డు ముట్టుకోలేదు. పిల్లల హోంవర్కు వస్తే కూడా, మీ అమ్మకు అకల్ తక్కువ, పిన్నమ్మను అడుగుండ్రి అని నా దగ్గరికి పంపేది. ఆ పిల్లలు నన్ను పిన్నమ్మ అంటారు.

అప్పుడు అర్థమైంది నాకు, చాలా ఆలస్యంగా. నేను తీసుకున్నది ఉద్యోగం కాదు. ఉద్యోగం ఆమెకు వచ్చేదో రాదో ఎవరికి తెలుసు? ఇంటర్వ్యూలో నాకే వచ్చేదేమో. ఇంకెవరో ఎగరేసుకుపోయేవాళ్ళేమో. నేను తీసుకున్నది వేరే. నేను పనికొస్తాను అని ఆమె తన గురించి అనుకునే ఒక్క మాట ఉండేది. దాన్ని తీసుకున్నాను. నాకు దానితో ఏం పని? నాకది పనికి కూడా రాలేదు.

పోయిన వారం మా ఆఫీసులో ఇంకో ఆపరేటర్ కావాలని తేల్చారు. నా పక్క కుర్చీ. ఊళ్ళో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే పెట్టుకోమని చెప్పండి అన్నాడు మేనేజర్. ఎంపికలో నేను ఉండనని అక్కడే చెప్పేశాను, కారణం అడిగితే నా స్నేహితురాలు పెట్టుకుంటుంది అన్నాను. ఆమెకు తెలియకుండానే అనేశాను. మరుసటి రోజు ఆఫీసు నుంచి నేరుగా గాజుల దుకాణానికి వెళ్ళాను.

గిరాకీ లేదు. ఆమె కొత్తగా వచ్చిన గాజుల డబ్బాలు విప్పి సైజుల వారీగా సర్దుతోంది. సంగతి చెప్పాను. నవ్వింది.

"నీకేమన్న పిచ్చా? గదే ఆఫీసు గదనే. నన్ను జూసి వద్దన్నోళ్ళే. మళ్ల ఏం మొఖం బెట్టుకొని పోవాలె?"

నిలబడే ఉన్నాను. ఎప్పటిలాగే సరేలే అని వచ్చేయవచ్చు. ఆమె టీ తెప్పిస్తుంది, తాగి వచ్చేయవచ్చు.

"ఆళ్ళు నిన్ను చూడలే" అన్నాను.

"ఏంది?"

"నీ కాగితాలు ఆళ్ళు చూడనే లేదు నస్రీన్. ఫైలు పోలే. నేను జత చెయ్యలే."

ఆమె చేతిలో డబ్బా అలాగే ఉంది. "మర్సిపోయినవా?"

చూశారా, ఆమే తలుపు తెరిచింది. అవును అంటే అయిపోయేది. మరిచిపోయానని, ఇన్నాళ్ళూ చెప్పడానికి భయపడ్డానని అంటే, అరె పాగల్ అని నన్నే ఓదార్చేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"మొదలు మర్సిపోయిన. తెల్లారి ఆళ్ళే రాసిండ్రు, ఫైలు లేదు, ఐదింటిలోపల మళ్ల పంపుమని. నేను పంపలే."

"టైముండెనా?"

"ఉండె. పగలంత ఉండె."

"నేనొచ్చి అడిగిన గదా ఆ రోజు."

"అడిగినవ్."

ఆమె డబ్బా కింద పెట్టింది. కోపం వస్తుందని చూస్తున్నాను. కోపం కంటే ముందు ఇంకేదో వచ్చింది ఆమె ముఖంలోకి. నాకు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. సంతోషం అది.

"అంటే ఆళ్ళు నన్ను వద్దనలే" అన్నది. నాతో కాదు. మళ్ళీ అన్నది. "యా అల్లా, ఆళ్ళు నన్ను వద్దననే లేదు."

తర్వాత కోపం వచ్చింది. రావాల్సినంతా వచ్చింది. "పన్నెండేండ్లు. నా బిడ్డల ముంగట నన్ను నేనే తక్కువ జేసుకున్న. నువ్వు పక్కకు కూసొని ఇన్నవ్. నోరు తెరవలే." నేను తల ఊపాను. విన్నాను కదా మరి. "మాఫ్ చెయ్యుమని అడుగుతావేమో, అడుగకు. చెయ్య."

"అడుగను" అన్నాను.

ఒక తల్లీకూతుళ్ళు దుకాణంలోకి వచ్చారు, ఎర్ర గాజులు కావాలన్నారు. నస్రీన్ ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మెత్తగా నొక్కి సైజు చూసి, గాజులు తీసింది. ఒక్కొక్కటే ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆఖరి తారీఖెప్పుడు?"

"శనివారం."

"కాగితాలు నేనే పంపుకుంట. నీ చేతికియ్య. ఇగ నువ్వు పో."

వచ్చేశాను. ఇది జరిగి నాలుగు రోజులయింది. ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. పిల్లలు హోంవర్కుకు రాలేదు. ఇక వస్తారో రారో తెలియదు, వాళ్ళు రాకపోతే నాకు బాధే. ఆమెకు ఆ ఉద్యోగం వస్తే పక్క పక్క కుర్చీల్లో కూర్చుని రోజంతా నాతో మాట్లాడకుండా ఉంటుందేమో. ఉండనీ. నాకు చెప్పాలనిపించినవన్నీ చెప్పేశాను, తెలియని మీకు కూడా చెప్పేశాను. మనసు తేలిగ్గా ఉంది, అందుకు కాస్త సిగ్గుగా కూడా ఉంది. నిన్న సాయంత్రం బజారులో వస్తూ దూరం నుంచి చూశాను. గిరాకీ లేని వేళ, నస్రీన్ గల్లా మీద ఒక కీబోర్డు పెట్టుకుని కూర్చుంది. తల ఎత్తి రోడ్డు మీద పోయేవాళ్ళను చూస్తోంది, వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి.